పిల్లల వెన్నుకు ఆపరేషను: భయమెంత, భద్రత ఎంత

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఈ వేదికమీద నిలబడి ప్రసంగించే అర్హత నాకు లేదని నాకు తెలుసును. మెట్రిక్ ప్యాసై, తండ్రి పోయిన తరువాత ఆయన పేర వచ్చిన ఉద్యోగంలో చేరి, ఇన్నేళ్లుగా ఈ ఖుర్దారోడ్డులో సెలవు చీటీలు, వైద్యపు బిల్లులు చూసుకొంటున్న గుమాస్తాను నేను. నా తరువాత మాస్టారుగారు మన భాషను గురించి మాట్లాడతారు. ఆయనకు ముందు నన్ను నిలబెట్టడం, భోజనానికి ముందు వేపపువ్వు పెట్టడం వంటిది. అయినా ఉగాదినాడు అదీ సంప్రదాయమే కదా అని కార్యదర్శిగారు నన్ను వదలలేదు. మా పెద్దమ్మాయికి జరిగిన ఆపరేషను సంగతి నలుగురికీ చెప్పమన్నారు.

ఆడపిల్ల ఒంటి సంగతి సభలో చెప్పడమేమిటని మా అమ్మ ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నది. అందుచేత మొదట అమ్మాయినే అడిగినాను. "చెప్పు నాన్నా, కాని నా పేరు చెప్పకు" అన్నది. ఈ కాలనీలో పేరు చెప్పకపోయినంత మాత్రాన తెలియనివారెవరూ లేరు. అయినా ఆమె మాట ప్రకారం పేరు చెప్పను.

సంగతిని మొదట కనిపెట్టినది డాక్టరు కాదు, దర్జీ. పిల్లకు పన్నెండో యేడు నడుస్తూండగా ఓణీల వేడుకకు పరికిణీ, జాకెట్టు కుట్టించినాము. జాకెట్టు ఎడమవైపు సరిపోతున్నది, కుడివైపు వీపు మీద పట్టేస్తున్నది. పరికిణీ అంచు ఒక పక్క నేలను తాకుతూంటే రెండో పక్క మడమ కనబడుతున్నది. రెండుసార్లు విప్పి కుట్టిన తరువాత ఆ దర్జీ, "బాబూ, బట్టలో లోపం లేదు, పిల్ల భుజమే ఒకటి పైకున్నది" అన్నాడు. మేము నవ్వి ఊరుకున్నాము. బడి సంచీ బరువన్నాము. వంగి కూర్చుని చదువుతున్నదని రోజూ కసురుకొన్నాము. మా అమ్మ ఆముదం కాచి వీపు రుద్దింది. ఇట్లా పధ్నాలుగు నెలలు గడిచిపోయినవి. ఆ నెలలు తలచుకొంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

దీని పేరు స్కోలియోసిస్. గూని వేరు, ఇది వేరు. గూనిలో వెన్ను ముందుకు వంగుతుంది. ఇందులో వెన్ను పక్కకు వంపు తిరుగుతుంది, దానితోపాటు మెలి తిరుగుతుంది కూడా. ఆ మెలికవల్ల పక్కటెముకలు ఒకవైపు ఉబ్బుతవి. ఎక్స్‌రే మీద గీతలు గీచి వంపును డిగ్రీలలో కొలుస్తారు. అమెరికా డాక్టరు కాబ్ 1948లో చెప్పిన కొలత అది, నేటికీ అదే వాడుక. 10 డిగ్రీలు దాటితే స్కోలియోసిస్ అంటారు. ఎదిగే పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. చాలామందికి అది చిన్న వంపుగానే ఉండిపోతుంది, ఏమీ చేయనక్కరలేదు. పెద్ద వంపులు మాత్రం మగపిల్లలలో కంటె ఆడపిల్లలలో చాలా ఎక్కువ. అదీ పది నుంచి పదిహేనేళ్ల మధ్య, ఒక్కసారిగా ఎత్తు పెరిగే రోజులలో త్వరత్వరగా ముదురుతుంది.

కారణం? ఎక్కువమందిలో ఇదీ అని తేలలేదు. కొన్ని వంశాలలో కనబడుతుంది. అయితే బడి సంచీవల్ల రాదు, వంగి కూర్చుంటే రాదు, తల్లి గర్భంతో ఉన్నప్పుడు చూడరానిది చూస్తే రాదు, గ్రహణం వల్ల రాదు. మా ఆవిడను మా బంధువులలో ఎవరెవరు ఏయే మాటలన్నారో ఈ శుభదినాన చెప్పను. అన్నవారిలో కొందరు ఇక్కడే కూర్చున్నారు.

పధ్నాలుగు నెలల తరువాత తీయించిన మొదటి ఎక్స్‌రేలో వంపు 49 డిగ్రీలు. పెద్ద డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు పట్టి, "యేడాది ముందు రాలేదేమండీ?" అన్నారు. అంతకంటె కసరలేదు. 25 నుంచి 40 డిగ్రీల మధ్య, ఎముక ఇంకా ఎదుగుతూండగా వస్తే బ్రేసు అని నడుముకూ ఛాతీకీ కలిపి ఒక గట్టి తొడుగు వేస్తారు. అది వంపును తీసివేయదు, ముదరకుండా ఆపుతుంది. అమెరికా, కెనడా దేశాలలో జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనలో, బ్రేసు వేసుకున్న పిల్లలలో నూటికి 72 మందికి వంపు ఆపరేషను దాకా ముదరలేదు. వేసుకోనివారిలో ఆ అదృష్టం 48 మందికే. ఎన్ని గంటలు వేసుకుంటే అంత గుణం. వేసవిలో పిల్లకు అది కష్టమే. కాని మేము ఆ కష్టమయినా పెట్టే అవకాశం పోగొట్టుకొన్నాము. 50 దగ్గరకు వచ్చిన వంపు, ఎదుగుదల ఆగిన తరువాత కూడా యేటా సుమారు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోవచ్చు. బాగా ముదిరితే ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది.

అప్పుడయినా వెంటనే ఒప్పుకొన్నామా? లేదు. ఆరు నెలలు భయపడినాము. వెన్నులో కత్తి పెడితే కాళ్లు పడిపోతవని అందరూ చెప్పేవారే. ఆ ఆరు నెలలలో 49 కాస్తా 58 అయినది.

ఇప్పుడు ఆ భయం సంగతి చెప్పాలి, ఎందుకంటే అది వట్టి భయం కాదు. వెన్నుపూసల మధ్య గొట్టంలో వెన్నుపాము ఉంటుంది. అది చేతివేలంత లావు. మెదడునుంచి కాళ్లకు పోయే ఆజ్ఞలన్నీ దానిలోనుంచే పోతవి. ఆపరేషనులో పిల్లను బోర్లా పడుకోబెట్టి, వీపు మధ్య తెరిచి, ఒక్కొక్క పూసకు అటూ ఇటూ మరలు బిగిస్తారు. ఆ మరలకు రెండు లోహపు కడ్డీలు తగిలించి, వంపును వీలయినంత సరిచేసి, ఎముక పొడిని పరుస్తారు. కొన్ని నెలలలో ఆ పూసలన్నీ ఒకదానితో ఒకటి అతుక్కుపోతవి. మర ఒక్క రవ్వ పక్కకు పోయినా, సరిచేసేటప్పుడు వెన్నుపాము సాగినా, దానికి రక్తం తగ్గినా ప్రమాదమే.

పాతరోజులలో ఈ ఆపరేషను పెద్ద యజ్ఞం. న్యూయార్కులో హిబ్స్ అనే సర్జను 1914లో మొదట స్కోలియోసిస్‌కు పూసలు అతికించే ఆపరేషను చేసినాడు. కడ్డీలు లేవు, నెలల తరబడి పిల్లలను పిండికట్టులోనే పడుకోబెట్టేవారు. హ్యూస్టన్‌లో హారింగ్టన్ అనే ఆయన పోలియో వచ్చిన పిల్లల వంగిన వెన్నులు చూసి కడ్డీ తయారు చేసి, 1962లో ఆ ఫలితాలు ప్రకటించినాడు. ఆ తరువాత 1980లలో ఫ్రాన్సువారు కోట్రెల్, డ్యూబుస్సే ఇంకా మంచి పద్ధతి తెచ్చినారు. 1990ల తరువాత పూసపూసకూ మరలు వచ్చినవి. కడ్డీ బలపడిన కొద్దీ వంపు బాగా తీయగలిగినారు. అయితే బాగా తీయగలిగిన కొద్దీ వెన్నుపామును కాపాడుకోవలసిన బాధ్యత కూడా పెరిగినది.

మత్తులో ఉన్న పిల్ల కాళ్లు ఆడుతున్నవో లేదో తెలిసేదెట్లా? ఫ్రాన్సులో స్టాన్యారా, ఆయన సహచరులు 1973లో ఒక ఉపాయం ప్రకటించినారు. ఆపరేషను మధ్యలో మత్తు తగ్గించి, పిల్లను పిలిచి, పాదాలు కదపమంటారు. కదిపితే మళ్లీ మత్తు. వింటే ఒళ్లు జలదరిస్తుంది కాని, ఆ ఉపాయం ఎంతోమంది కాళ్లు కాపాడింది. అవసరమయితే ఇప్పటికీ చేస్తారు. ఇప్పుడు దానికి ముందు మరొక కాపలా ఉన్నది. తలమీద, కాళ్లలో సన్నని సూదులు పెట్టి, తలలోనుంచి విద్యుత్తు పంపి అది కాలి కండకు చేరుతున్నదో లేదో ఆపరేషను పొడుగునా ఒక మనిషి తెరమీద చూస్తూ ఉంటాడు. దీనిని న్యూరో మానిటరింగు అంటారు. ఈ కాపలా పని చేయాలంటే మత్తు కూడా దానికి తగినట్లు ఇవ్వాలి. కండలను సడలించే మందు ఆ సమయంలో ఉండకూడదు. అందుచేత మత్తు డాక్టరు, సర్జను, తెర చూసే మనిషి ఒక మాటమీద ఉండవలెను.

ఇక్కడే నేను చేసిన తప్పొకటి ఒప్పుకోవాలి. మా పిల్లకు ఆపరేషను తేదీ పెట్టినారు. ముందురోజు రాత్రినుంచి ఏమీ తినలేదు. పొద్దున ఏడింటికి తయారుగా ఉన్నది. తొమ్మిదయింది, పది దాటింది, పిలుపు లేదు. పదకొండింటికి సర్జనుగారు తామే బయటకు వచ్చి, "మానిటరింగు చూసే మనిషి రాలేకపోయినాడు. ఈరోజు చేయను" అన్నారు. నేను ఊరుకోలేదు. పదిమంది ముందు కేకలు వేసినాను. పిల్ల ఆకలితో మాడుతున్నదనీ, సెలవు అయిపోతున్నదనీ, రక్తమివ్వడానికి మనవాళ్లు నలుగురు రాత్రి బండిలో వచ్చినారనీ, ఇదేనా మీ పద్ధతి అనీ అన్నాను. ఆయన అంతా విని, "ఆయన లేకుండా చేయవచ్చు. చేసేవారున్నారు. నేను చేయను" అని లోపలికి వెళ్లిపోయినారు.

మా నాన్నగారు పాయింట్స్‌మన్. నా చిన్నతనంలో ఒక రాత్రి ఆయనతో స్టేషనులో ఉన్నాను. లైన్ క్లియర్ రాక ఒక బండి నలభై నిమిషాలు నిలిచిపోయింది. ప్రయాణికులు దిగి స్టేషను మాస్టరును నోటికి వచ్చినట్లు తిట్టినారు. ఆయన ఒక్క మాట అనలేదు. పై స్టేషనునుంచి ప్రైవేటు నంబరు వచ్చి, అది పుస్తకంలో రాసుకొని, తిరిగి చదివి చెప్పిన తరువాతనే బండి కదిలింది. ఆస్పత్రి వరండాలో కేకలు వేసిన నాకు ఆ రాత్రి ఎందుకు గుర్తు రాలేదో! గుర్తు వచ్చినది మరునాడు. అప్పుడు వెళ్లి క్షమాపణ చెప్పుకొన్నాను. ఆయన నవ్వి, ముందు పిల్లకు ఇడ్లీ పెట్టించినారా అని అడిగినారు.

తొమ్మిది రోజుల తరువాత ఆపరేషను జరిగింది. మత్తు ఇవ్వకముందు ఒకసారి, కత్తి పెట్టకముందు ఒకసారి, థియేటరు వదిలేముందు ఒకసారి అందరూ ఆగి, పిల్ల పేరు, చేయవలసిన పని, రక్తం, మందులు, సామాను లెక్క పైకి చదివి సరిచూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఈ చీటీని ప్రవేశపెట్టింది. దీనిని మన ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రులలో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించినారు. పెద్ద ఆపరేషనుల తరువాత చనిపోయేవారు వెయ్యికి 15 మందినుంచి 8 మందికి తగ్గినారు. అన్ని రకాల ఆపరేషనులమీద తీసిన లెక్క అది. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. ఒక కాగితం, నోరు తెరచి చదవడం. ఫైళ్ల మీద టిక్కులు పెట్టే నాబోటివాడికి ఎంత గర్వంగా ఉన్నదో చెప్పలేను. చదవకుండా టిక్కు పెడితే ఏమవుతుందో కూడా నాకు బాగా తెలుసును.

ఆపరేషను అయిన సాయంత్రం సర్జనుగారు నన్ను కూర్చోబెట్టి దాచకుండా చెప్పినారు. కడ్డీ బిగించి వంపు తీస్తూండగా ఎడమకాలి సంకేతం తెరమీద పడిపోయినదట. వెంటనే అందరూ చేతులాపినారు. ఎవరి పని వారికి ముందే తెలుసును. మత్తు డాక్టరు రక్తపుపోటు పెంచినారు. సర్జను బిగించినది సడలించి, మరలు సరిగా ఉన్నవో లేవో చూసినారు. తీగలు ఊడినవేమో తెర దగ్గరి మనిషి చూసుకొన్నాడు. ఇరవై నిమిషాలకు సంకేతం తిరిగి వచ్చినది. తరువాత మళ్లీ బిగించినారు గాని, మొదట అనుకున్నంత లాగలేదు. 58 డిగ్రీలు 22 దగ్గర ఆగినవి. "ఇంకా తీయవచ్చు, కాని కాలితో బేరమాడను" అన్నారు. ఆ మనిషి రాని రోజున నేను వేసిన కేకలకు ఆయన లొంగి ఉంటే, పడిపోయిన సంకేతం ఎవరికి కనబడేది?

మెలకువ వచ్చిన తరువాత పిల్ల రెండు కాళ్లూ ఆడించింది. 22 సంగతి చెబితే, "అయితే ఫెయిలే కదా నాన్నా" అన్నది.

ఇటువంటి పిల్లలలో, మంచి జట్టు చేతిలో, నరాలకు దెబ్బ తగిలేది నూటికి ఒకరికంటె తక్కువ. సున్నా మాత్రం కాదు. సున్నా అని చెప్పే డాక్టరు దగ్గరకు వెళ్లకండి.

రక్తం సంగతి కూడా చెప్పాలి. పొడుగాటి గాయం గనుక రక్తం బాగా పోతుంది. ఇప్పుడు ట్రానెక్సమిక్ యాసిడ్ అనే మందు ఇచ్చి ఆ పోవడాన్ని తగ్గిస్తారు. జపానులో ఉతాకో ఒకమోతో అనే వైద్యురాలు భర్తతో కలసి 1962లో లోకానికి తెలిపిన మందు ఇది. కాన్పులో రక్తం పోయి చనిపోయే తల్లుల కోసం ఆమె వెదికిన మందు, ఈనాడు పిల్లల వెన్నుకూ పనికివస్తున్నది. కారిన రక్తాన్నే పట్టి, కడిగి, తిరిగి ఎక్కించే యంత్రమూ ఉన్నది. మనవాళ్లు నలుగురు ఇచ్చిన దానిలో మా పిల్లకు ఒక్క సీసా సరిపోయినది. మిగిలినది ఇంకెవరికో పనికివచ్చి ఉంటుంది. ఆ నలుగురికీ ఈ సభాముఖంగా దణ్ణం పెడుతున్నాను. అయితే రక్తం ముందునుంచే పెంచుకోవడం మన చేతిలో పని. పిల్లకు హిమోగ్లోబిను 9.8 ఉన్నదని చెప్పి, రెండు నెలలు ఇనుము మాత్రలు వేసి 12 చేసిన తరువాతనే తేదీ ఇచ్చినారు. మన ఆడపిల్లలలో ఎందరికో ఇది తక్కువ. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఇనుము వంటికి పట్టదని మా ఇంట్లో అప్పుడే తెలిసింది.

ఆపరేషను ఎంతసేపు సాగితే అంత రక్తం, అంత చీము భయం. అందుకని ఇద్దరు పెద్ద సర్జనులు చెరొకవైపు నిలబడి చేసే పద్ధతి చాలాచోట్ల వచ్చినది. ఎప్పుడూ అదే నర్సులు, అదే మత్తు డాక్టరు ఉంటే ఇంకా మంచిది. అడిగిన మర చేతికి వెంటనే వస్తుంది, ఎవరూ వెదుక్కోరు. మరల పెట్టె ముందునాడే వచ్చినదో లేదో చూసుకోవడం, కత్తి పెట్టడానికి ముందు గంటలోపల చీము పట్టకుండా మందు ఇవ్వడం వినడానికి చిన్నవిషయాలు. నా ఉద్దేశంలో సామర్థ్యమంటే ఇదే. త్వరపడడం వేరు, వృథాగా ఆగకపోవడం వేరు. మా ఆపీసులో ఫైలు ఆలస్యమయ్యేది రాయడానికి కాదు, వెదకడానికి.

వెనుకటివలె నెలల తరబడి పడుకోబెట్టరు. మరునాడే లేపి నిలబెట్టినారు. మా ఆవిడ ఏడ్చింది, పిల్ల ఏడ్చింది, నర్సమ్మ మాత్రం వదలలేదు. నొప్పికి ఒకే గట్టి మందు కాక రెండు మూడు రకాలు కొద్దికొద్దిగా ఇచ్చి, త్వరగా నడిపించి, త్వరగా ఇంటికి పంపే పద్ధతి ఇప్పుడు పైదేశాలలో బాగా పాకినది. కొన్ని చోట్ల మూడో రోజుకే పంపుతున్నారు. మమ్మల్ని అయిదో రోజున పంపినారు. ఆ ఊళ్లోనే మా మేనత్త ఇంట రెండు వారాలుండి, కిందిబెర్తులో పడుకోబెట్టి తీసుకువచ్చినాము. ఆరో వారానికి బడికి వెళ్లింది. వంగి బరువులెత్తడం, పరుగులు కొన్ని నెలలు కూడదన్నారు.

ఇక పెళ్లి సంగతి. అడగడానికి మొగమాటపడుతున్నారు గాని, అందరి మనసులో ఉన్నది అదే. ఆ ఆపరేషను అయినవారు పెళ్లి చేసుకొంటున్నారు, పిల్లలను కంటున్నారు. ఇంగ్లండు రాజవంశంలో యూజినీ అనే రాకుమారికి 12 ఏళ్ల వయసున, 2002లో ఈ ఆపరేషనే జరిగింది. 2018లో ఆమె పెళ్లికి, వీపుమీది మచ్చ లోకమంతా చూసేటట్లు, వెనుక తెరచిన గౌను కుట్టించుకొన్నది. ఇప్పుడు ఇద్దరు కొడుకుల తల్లి. మా అమ్మకు ఆ ఫోటో చూపించినాను. "రాణులకు చెల్లుతుంది" అన్నది. తరువాత రెండుసార్లు అడిగి మళ్లీ చూసింది.

చివరగా ఇంటిలో చూసుకొనే విధానం. ఆడమ్స్ అనే ఇంగ్లీషు సర్జను 1865లో చెప్పినది, పైసా ఖర్చు లేనిది. పిల్లను పాదాలు కలిపి నిలబెట్టి, మోకాళ్లు వంచకుండా, అరచేతులు జోడించి ముందుకు వంగమనండి. వెనుకనుంచి వీపును బల్లపరుపుగా చూడండి. ఒకవైపు ఎత్తుగా ఉబ్బి కనబడితే డాక్టరు దగ్గరకు వెళ్లండి. పది దాటిన ఆడపిల్లను ఆరు నెలలకొకసారి చూస్తే చాలు. ఎక్స్‌రే తీయించవలసి వస్తే, ఛాతీని పలకకు ఆనించి, వెనుకనుంచి కిరణం వచ్చేటట్లు తీస్తారా అని అడగండి. ఎదిగే రొమ్ములకు తగిలే కిరణం దానివల్ల తగ్గుతుంది. ఆపరేషను దాకా వస్తే, ఇక్కడ మానిటరింగు ఉన్నదా, ఏటా ఇటువంటివి ఎన్ని చేస్తారు, ఆ మనిషి రాకపోతే ఏం చేస్తారు అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు శ్రద్ధగా వినండి.

సభ వెనుక గదిలో మా ఆవిడ, మన కాలనీ నర్సమ్మగారు కూర్చుని ఉన్నారు. మా అమ్మాయి కూడా అక్కడే ఉన్నది. ఎట్లా వంగాలో తానే చూపిస్తానన్నది. మగవారెవరూ అటు రారు, గుమ్మం దగ్గర మా అమ్మ కుర్చీ వేసుకొని కాపలా ఉన్నది. పిల్లకు రెండు నిమిషాలు పడుతుంది. మాస్టారుగారి ప్రసంగం మొదలయ్యేలోగా పదిమందినయినా చూడవచ్చు. తల్లులు పిల్లలను తీసుకొని లేవండి.